పాయింటు తప్పుతోందా? యాప్ మార్చే ముందు ఇది చూడండి

గోపాల్‌పూర్ నుంచి సోనాపూర్ దాకా, అవతల డొంకూరు వైపు కూడా, ఫైబర్ బోట్ల మీద వేటకు వెళ్లేవారు చార్టు యాప్ (ఫోనులో సముద్రపు మ్యాపు, లోతులు చూపేది) గురించి అడిగే ప్రశ్న ఒకటే: ‘ఏది మంచిది?’ ఇప్పుడున్నది ఎందుకు పనికిరాలేదని తిరిగి అడిగితే, నూటికి తొంభై మంది చెప్పేది యాప్ తప్పు కాదు. బరంపురంలో కొత్త ఫోను కొన్నా, చందా కట్టి నేవియానిక్స్ పెట్టుకున్నా ఆ తప్పు వెంటే వస్తుంది. అందుకే యాప్ పేర్లు పక్కనపెట్టి లక్షణాల నుంచి మొదలుపెడతాను.

ఒడ్డు దాటాక తెర ఖాళీ నీలంగా మారుతోంది

చార్టు దించుకోలేదు, అంతే. సిగ్నల్ పోయినా జీపీఎస్ పనిచేస్తుంది. దానికి సిమ్ కూడా అక్కర్లేదు. పోయేది బొమ్మ మాత్రమే. ఇంటి దగ్గరే మీ వేట ప్రాంతాన్ని దగ్గరగా పెంచి చూసి, ఆ భాగం మొత్తం ఫోనులోకి దించుకోండి. తర్వాత ఫోన్ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి యాప్ మళ్లీ తెరవండి. లోతు అంకెలు కనిపిస్తేనే రేవుకు బయలుదేరండి. ఈ పరీక్షకు పట్టేది ఒక్క నిమిషం. అయినా ఎవరూ చేయరు. చార్టు దించినా అంకెలు లేవంటే, మీరు చూస్తున్నది బహుశా గూగుల్ మ్యాప్స్. అది రోడ్ల కోసం చేసినది, దానిలో లోతులు ఉండవు.

గుర్తు పెట్టిన చోటికి వెళ్తే వల లేదు, బండ లేదు

అసలు గొడవ ఇక్కడే. వల దొరకకపోతే నీటి వాటానికి కొట్టుకుపోయిందనుకుంటారు. తేలే వల విషయంలో ఆ మాట నిజమే కావచ్చు. కానీ అడుగున ఉన్న బండ కొట్టుకుపోదు కదా! బండ దగ్గర చేపలు పడతాయని బావ చెప్పిన పాయింటు (ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు) తప్పిందంటే ముందు చూడవలసింది అంకెలు రాసే పద్ధతి.

ఒకే చోటును మూడు రకాలుగా రాస్తారు. చేతిలో పట్టుకునే గార్మిన్ పరికరం మామూలుగా డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో దశాంశాలు చూపిస్తుంది: 19°10.500′. గూగుల్ మ్యాప్స్ అంతా డిగ్రీల్లోనే చూపిస్తుంది: 19.17500. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం ఇచ్చే చేపల జాడ సమాచారం డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో వస్తుంది: 19 10 30. ఈ మూడూ ఒకే చోటు. నిమిషానికి అరవై సెకన్లు కాబట్టి అర నిమిషం అంటే 30 సెకన్లు, 50 కాదు.

ఇప్పుడు ఫోనులో జరిగేది చూడండి. అవతలి బోటు నుంచి బావ గార్మిన్ తెర చూసి చదువుతాడు: ‘పందొమ్మిది, పది, యాభై.’ దశాంశ చుక్కను చెప్పే ‘పాయింట్’ అనే మాట నోట్లోనే మింగేస్తాడు. ఇవతల మీ యాప్‌లో సెకన్ల గడి ఖాళీగా ఉంది. అందులో 50 వేస్తారు. యాప్ ఏమీ అనదు, ఎర్ర గీత గీయదు. మిమ్మల్ని అసలు చోటుకు 617 మీటర్లు ఉత్తరాన నిలబెడుతుంది. రేఖాంశంలోనూ ఇదే జరిగితే తూర్పుకు కూడా జరుగుతారు. తెల్లవారుజామున కెరటాల మధ్య చిన్న బోటులో కూర్చుని చూస్తే, అంత దూరంలో వల జెండా కనబడదు.

ఇది ఎందుకు పట్టుబడదంటే, అన్ని పాయింట్లూ తప్పవు. చుక్క తర్వాత 03 ఉంటే తేడా 40 మీటర్లలోపే. వల దొరుకుతుంది, యాప్ బాగుందనుకుంటారు. 55 ఉంటే దాదాపు 680 మీటర్లు అవుతుంది. 60 దాటిన అంకె అయితే సెకన్ల గడి ఒప్పుకోదు, అప్పుడు గాని అనుమానం రాదు.

అయితే ఈ తప్పుకు ఒక ఆనవాలు ఉంది. దశాంశాన్ని సెకన్లుగా వేస్తే మీరు ఎప్పుడూ ఉత్తరానికో తూర్పుకో జరుగుతారు. సెకన్లను దశాంశంగా వేస్తే దక్షిణానికో పడమరకో జరుగుతారు. నీటి వాటం రోజుకో వైపు ఉంటుంది. తప్పు మాత్రం ఎప్పుడూ ఒకే వైపుంటే అది నీటి పని కాదు. 19°10.500′ను 19.10500 అని కొట్టేవారూ ఉన్నారు. అప్పుడు దాదాపు 7.8 కిలోమీటర్లు దక్షిణానికి వెళ్తారు. అంత పెద్ద తప్పు వెంటనే తెలిసిపోతుంది కాబట్టి దానితో నాకు బెంగ లేదు.

పరిష్కారం: యాప్ సెట్టింగుల్లో అక్షాంశ రేఖాంశాల పద్ధతిని మార్చి, మీ బోటులోని గార్మిన్‌లాగే డిగ్రీలు, దశాంశ నిమిషాలు పెట్టండి. ఓపెన్‌సీపీఎన్‌లో (ఇదొక చార్టు యాప్) ఈ మూడు పద్ధతులూ ఉన్నాయి. గూగుల్ మ్యాప్స్‌లో వెతికేటప్పుడు డిగ్రీ గుర్తు బదులు ఖాళీ వదిలి 19 10.500, 85 4.500 అని కొడితే సరిగ్గా అర్థం చేసుకుంటుంది. ఫోనులో చెప్పేటప్పుడు ‘పది పాయింట్ ఐదు సున్నా సున్నా’ అని మూడు అంకెలూ పలకమనండి. చుక్క తర్వాత మూడు అంకెలు వినిపిస్తే ఎవరూ వాటిని సెకన్లనుకోరు. ఇంకా మంచిది పాయింట్లు ఉండే జీపీఎక్స్ ఫైలు పంపించుకోవడం, చేత్తో కొట్టే పనే ఉండదు.

సరిచూసుకోవడానికి రేవులో బోటు పక్కన నిలబడండి. గార్మిన్ అంకె చూసి యాప్‌లో చేత్తో కొట్టి గుర్తు పెట్టండి. గుర్తు మీ కాళ్ల దగ్గరే పడాలి. చుక్క తర్వాత అంకె 40, 50 ఉన్న చోటే ఈ పరీక్ష చేయండి. చిన్న అంకెతో చేస్తే తప్పు దాక్కుంటుంది.

ఇక యాప్ ఎంచుకోవడమంటారా? పద్ధతి మార్చుకోనివ్వాలి, చార్టు ఫోనులో దాచుకోనివ్వాలి, పాయింట్లను ఫైలుగా ఇవ్వాలి, తీసుకోవాలి. ఈ మూడూ ఉన్నది ఏదైనా నాకు సమ్మతమే. రంగులు, గాలి బాణాలు తర్వాత చూసుకోవచ్చు.

వెళ్లిన దారి గీత మధ్యలో తెగి సూటిగా కనిపిస్తోంది

తెర ఆరిపోగానే బ్యాటరీ ఆదా చేసే ఏర్పాటు యాప్‌ను నిద్రపుచ్చింది. ఆ యాప్‌కు బ్యాటరీ ఆంక్ష తీసేసి, లొకేషన్ అనుమతి ‘ఎల్లప్పుడూ’ అని పెట్టండి.

ఏటి మొగ దగ్గర లోతుందని చూపింది, అడుగు తగిలింది

బాహుదా మొగలోనూ, రుషికుల్య మొగలోనూ ఇసుక మేట ఏడాది పొడవునా కదులుతూ ఉంటుంది. ఏ చార్టూ దాన్ని వెంటాడలేదు. మొగ దాటేటప్పుడు యాప్ మూసి నీటి రంగు, కెరటం విరిగే చోటు చూడండి. లోతు అంకె మీటర్లలో ఉందో, ఫాథమ్‌లలో ఉందో కూడా చూసుకోండి. ఒక ఫాథమ్ 1.83 మీటర్లు. మరో మాట: నవంబర్ 1 నుంచి మే 31 దాకా తాబేళ్ల కోసం రుషికుల్య మొగ వద్ద తీరం నుంచి 20 కిలోమీటర్ల వరకు వేట నిషేధం ఉంటుంది. మామూలు చార్టు యాప్ దాన్ని గీసి చూపదు. ఆ హద్దు మీరే గీసుకోండి.

బోటు బొమ్మ వేరే వైపు తిరిగి ఉంది

ఫోను ఇంజను ఇనుము పక్కన ఉంది, దిక్సూచి తికమకపడింది. ఫోన్ని దూరంగా పెట్టండి. బోటు నడుస్తుంటే బొమ్మ ముక్కును పట్టించుకోకుండా వెళ్లిన గీతను చూడండి.

అన్ని పాయింట్లూ ఒకే వైపు, ఒకే దూరం తప్పుతున్నాయి

అరుదు. పాత పరికరంలో మ్యాప్ డేటమ్ (అక్షాంశ రేఖాంశాలను లెక్కించే ఆధారం) ఇండియన్ అని ఉండి ఉంటుంది. కొన్ని వందల మీటర్ల తేడా వస్తుంది. డబ్ల్యూజీఎస్ 84 పెట్టండి. ఫోను చిప్ చెడిపోవడం ఇంతకంటే అరుదు. పక్కవాళ్ల ఫోను అదే చోట పెట్టి చూస్తే తేలిపోతుంది.