సీసీ కెమెరాలో దొంగ ముఖం గుర్తుపట్టేలా పడాలంటే ఏం చేయాలి?

చాలా ఇళ్ల సీసీ ఫుటేజీ ఒకేలా ఉంటుంది. గోడ దూకడం తెలుస్తుంది, వేసుకున్న చొక్కా తెలుస్తుంది, ముఖం దగ్గరికొచ్చేసరికి మాత్రం తెల్లటి మచ్చ. వెంటనే ఖరీదైన కెమెరాలు కొనేయక్కర్లేదు. ఉన్నవాటిని సరిచేసుకుంటేనే చాలా తేడా వస్తుంది, అందులో సగం పనులకు పైసా ఖర్చు లేదు.

ముందు రాత్రిపూట పరీక్ష పెట్టండి

దొంగతనం జరిగే వేళకు ఇంట్లో ఏ లైట్లు వెలుగుతుంటాయో అవి మాత్రమే ఉంచి, ఇంట్లో ఒకరిని టోపీ పెట్టుకుని గేటు నుంచి తలుపు దాకా మామూలుగా నడవమనండి. ఫోన్‌లో లైవ్ చూసి సరిపెట్టుకోవద్దు. యాప్‌లు చాలావరకు డేటా ఆదా కోసం తక్కువ క్వాలిటీ వీడియో చూపిస్తాయి కాబట్టి డీవీఆర్‌లో, అంటే కెమెరాల వీడియో దాచే పెట్టెలో, రికార్డయినదాన్నే పాజ్ చేసి చూడాలి. మీరైతే నడక చూసే మనవాడని చెప్పేస్తారు, అది లెక్కలోకి రాదు. ఆ మనిషిని ఒకట్రెండుసార్లు మాత్రమే చూసినవాళ్లు పోల్చుకోగలగాలి.

ఒక కెమెరా ముఖానికే కేటాయించండి

అసలు విషయం ఇక్కడే ఉంది. మనవాళ్లు కెమెరా పెట్టించేటప్పుడు టెక్నీషియన్‌తో 'మొత్తం కవర్ అవ్వాలి' అంటారు. అతను వెడల్పుగా చూసే 2.8 ఎంఎం లెన్స్ కెమెరా తెచ్చి మొదటి అంతస్తు సజ్జ కింద బిగిస్తాడు. వాకిలి, రోడ్డు, ఎదురింటి కొబ్బరిచెట్టు అన్నీ కనిపిస్తాయి, మనిషి నెత్తి కూడా కనిపిస్తుంది, కింద ముఖం కనిపించదు.

ముక్కూమొహం తెలియని మనిషిని గుర్తించాలంటే చిత్రంలో మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు (బొమ్మను కూర్చే చుక్కలు) ఉండాలని సీసీ కెమెరాల అంతర్జాతీయ ప్రమాణం 62676-4 చెబుతుంది. మామూలు 2 మెగాపిక్సెల్ కెమెరాకు అడ్డంగా ఉండేవి 1920 పిక్సెళ్లే. 250తో భాగిస్తే దాదాపు 7.7 మీటర్లు, అంటే 25 అడుగుల వెడల్పు. 2.8 ఎంఎం లెన్స్‌లో ఆ వెడల్పు పది అడుగుల దూరంలోనే నిండిపోతుంది, అది దాటి నిలబడ్డ మనిషి ముఖం మీద ఆశ వదులుకోవాల్సిందే. అదే 6 ఎంఎం లెన్స్ అయితే దాదాపు 25 అడుగుల దాకా పనికొస్తుంది, కాకపోతే చూసే మేర సన్నబడుతుంది. ఇవి మంచి వెలుతురులో లెక్కలు, రాత్రి ఇంకా తగ్గుతాయి.

అందుకే పైనున్న కెమెరాను అలాగే ఉండనిచ్చి, లోపలికి రావాలంటే ఎవరైనా దాటి తీరాల్సిన చోట, అంటే గేటు పక్కనో, వరండా గ్రిల్ దగ్గరో, మెట్ల మలుపులోనో 7-8 అడుగుల ఎత్తులో ఇంకోటి పెట్టండి. చేతికి అందే ఎత్తు కదా, తిప్పేస్తారేమో అంటారా, తిప్పడానికి వచ్చినవాడి ముఖం అందులో దగ్గరగా పడుతుంది, పై కెమెరా కంట్లో ఇది ఉంటే ఆ పని చేయడం కూడా రికార్డవుతుంది. హాల్లోంచి తలుపు వైపు చూసే కెమెరా కూడా మంచిదే. పగలు బయటి వెలుగుకు మనిషి నల్లగా పడితే సెట్టింగ్స్‌లో డబ్ల్యూడీఆర్ (వెలుగునూ నీడనూ సమం చేసే సదుపాయం) ఆన్ చేయండి.

డీవీఆర్ సెట్టింగ్స్ ఒకసారి తెరవండి

రికార్డింగ్ రిజల్యూషన్ దగ్గర '1080ఎన్' అని ఉందేమో చూడండి. పేరులో 1080 ఉన్నా అది అడ్డంగా 960 పిక్సెళ్లే, సగం చిత్రం అక్కడే పోతోంది. డీవీఆర్‌లో 1080పీ ఉంటే దానికి మార్చండి, లేకపోతే తర్వాత ఏదైనా కొనాల్సివస్తే ముందు కొనాల్సింది డీవీఆర్‌నే. బిట్‌రేట్, అంటే సెకనుకు ఎంత డేటా రికార్డవ్వాలన్నది, 2 మెగాపిక్సెల్‌కు హెచ్.264లో 4 ఎంబీపీఎస్, హెచ్.265లో 2 ఎంబీపీఎస్ పెట్టుకోవచ్చు (ఈ రెండూ వీడియోను కుదించే పద్ధతులు). 4 ఎంబీపీఎస్ అంటే ఒక్కో కెమెరాకు రోజుకు 43 జీబీ, నాలుగు కెమెరాలు పెడితే 1 టీబీ హార్డ్‌డిస్క్ ఐదారు రోజులకే నిండి పాతది చెరిగిపోతుంది. సంక్రాంతికి వారం రోజులు ఊరెళ్లేవాళ్లు ఈ లెక్క చూసుకోవాలి.

షట్టర్ (ఒక్కో బొమ్మకు కెమెరా వెలుగు తీసుకునే సమయం) ఆటోలో ఉంటే చీకట్లో అది సెకనులో 25వ వంతు దాకా పెరుగుతుంది, ఆ కాస్తలో నడిచే మనిషి ఐదారు సెంటీమీటర్లు కదిలిపోతాడు, ముఖం అలికినట్టు పడుతుంది. 1/100కి మారిస్తే కదలిక సెంటీమీటరున్నరకు తగ్గుతుంది. కానీ అప్పుడు బొమ్మ చీకటిగా వస్తుంది, కాబట్టి లైటు కావాలి.

లైటు, బూజు, వైరు

గేటు దగ్గర కదలికకు వెలిగే సెన్సర్‌తో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు పెట్టండి. కెమెరాకు ఎదురుగా మాత్రం వద్దు, వచ్చేవాడి ముఖం మీద పడేలా ఉండాలి. రాత్రి చిత్రమంతా తెల్లగా పొగమంచులా ఉంటే చాలాసార్లు కారణం సాలీడు. కెమెరా దగ్గర సాలీళ్లు చేరి బూజు కడతాయి, రాత్రి చూడటానికి కెమెరా వేసే, మన కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు ఆ బూజు మీద పడి వెనక్కి కొడుతుంది. పక్కనే తెల్లగోడో సజ్జ అంచో ఉన్నా ఇదే బాధ. మెత్తటి పొడిబట్టతో తుడవండి, పంచె కొంగుతో రుద్ది గాజు గీకొద్దు.

రాత్రి కాగానే బొమ్మ వణుకుతున్నా, కెమెరా ఆగి ఆగి ఆన్ అవుతున్నా కరెంటు అందడం లేదని అర్థం. ఇన్‌ఫ్రారెడ్ వెలిగేసరికి కరెంటు ఎక్కువ కావాలి, సన్నటి చవక వైరు పొడుగ్గా లాగితే 12 వోల్టులు చివరిదాకా చేరవు. రాగి వైరు వేయించండి, లేదా కెమెరాకు దగ్గర్లో అడాప్టర్ పెట్టించండి.

దొంగతనం జరిగితే

డీవీఆర్‌లో టైము ఐఎస్‌టీకి సరిగ్గా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. డీవీఆర్‌ను టీవీ కింద కాకుండా కంటికి కనపడని చోట తాళం వేసి ఉంచండి, వెళ్తూ వెళ్తూ దాన్నే ఎత్తుకుపోతారు. ఫుటేజీని పెన్‌డ్రైవ్‌లోకి అసలు ఫైల్‌గానే తీయండి. టీవీని ఫోన్‌తో వీడియో తీసి వాట్సాప్‌లో పంపితే ఉన్న కాస్త వివరమూ పోతుంది. ఏఐ యాప్‌లతో ముఖం 'క్లియర్' చేయించడం అసలు వద్దు, అవి లేని కళ్లూ ముక్కూ కల్పిస్తాయి, ఆ బొమ్మ పట్టుకుని ఎవరినో అనుమానించడం దారుణం. కోర్టు దాకా వెళ్తే భారతీయ సాక్ష్య అధినియం 2023 సెక్షన్ 63 కింద ఆ ఫైల్‌కు సర్టిఫికెట్ కావాలి, అందులో ఫైల్ హ్యాష్ విలువ (ఫైల్ మారలేదని చూపే వేలిముద్ర లాంటి కోడ్) కూడా రాయాలి. కాబట్టి పోలీసులు వచ్చి కాపీ తీసుకునేదాకా హార్డ్‌డిస్క్‌ను ఫార్మాట్ చేయకండి, పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కకుండా రికార్డింగ్ ఆపేసి ఉంచండి.