ఎంజీబీ ఇంజన్ విప్పి బిగించాక వచ్చే తంటాలు: లక్షణం, కారణం, పరిష్కారం

ఇంగ్లండ్‌లోని అబింగ్డన్‌లో 1962 నుంచి 1980 దాకా తయారైన ఎంజీబీ స్పోర్ట్స్ కారులో ఉండేది బీఎంసీ కంపెనీ బీ-సిరీస్ ఇంజన్. నాలుగు సిలిండర్లు, 1798 సి.సి., బ్లాకూ (సిలిండర్లున్న దిమ్మె), దాని మీద మూతలా కూర్చునే హెడ్డూ రెండూ పోత ఇనుమే. మన అంబాసిడర్‌లో దశాబ్దాల పాటు తిరిగిన 1489 సి.సి. పెట్రోల్ ఇంజన్‌దీ ఇదే వంశం. రెండింటి స్ట్రోకూ (పిస్టన్ కదిలే దూరం) 88.9 మి.మీ.; బోరు (సిలిండర్ వ్యాసం) మాత్రం అంబాసిడర్‌ది 73, ఎంజీబీది 80.26. అంబాసిడర్ హెడ్డు దించి ఎక్కించిన చేతికి ఎంజీబీ బానెట్ కింద కొత్తగా కనిపించేది తక్కువే.

ఈ ఇంజన్ మొండిది, తిన్నగా బిగిస్తే ఏళ్ళ తరబడి తిరుగుతుంది. రీబిల్డ్, అంటే మొత్తం విప్పి బిగించడం, అయ్యాక తేడా చేస్తే మాత్రం చాలామంది ఒక్కో పార్టూ మార్చుకుంటూ పోతారు. డబ్బులు పోతాయి, జబ్బు అలాగే ఉంటుంది. కొలిచాకే విప్పండి, కొలిచాకే కొనండి. కింద కొలతలు ఎక్కువగా థౌల్లో, అంటే అంగుళంలో వెయ్యో వంతుల్లో ఇస్తున్నాను. ఈ కార్ల మాన్యువల్సూ లేత్ షాపులూ మాట్లాడేది ఆ లెక్కలోనే.

కొత్త ఇంజన్ తిప్పుతున్నా ఆయిల్ ప్రెజర్ సూది లేవట్లేదు

ఇంజన్ స్టార్ట్ చేయకండి. ముందు చూడాల్సింది పంపు. అది క్యామ్‌షాఫ్ట్ (వాల్వులు తెరిచే ఇరుసు) పళ్ళతో తిరుగుతూ బ్లాక్ లోపల, సంప్‌లో (అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో) ఉంటుంది. పొడిగా బిగిస్తే గాలినే తిప్పుతుంది తప్ప ఆయిల్ లాగలేదు. ప్లగ్గులన్నీ తీసి, స్టార్టర్‌తో కాసేపు తిప్పి, ఆపి, మళ్ళీ తిప్పండి. అప్పటికీ సూది లేవకపోతే బ్లాక్ వెనక నుంచి ఫిల్టర్‌కో ఆయిల్ కూలర్‌కో వెళ్ళే పైపు విప్పి, ఆ రంధ్రంలోంచి పంపులోకి ఆయిల్ పోసి మళ్ళీ తిప్పండి. దాదాపు ఎప్పుడూ ఇక్కడే లేచేస్తుంది. బిగించేటప్పుడే పంపు పళ్ళ మధ్య కాస్త వాజిలిన్ కూరితే ఈ తిప్పలే ఉండవు. గ్రీజు మాత్రం వద్దు, అది ఆయిల్‌లో సరిగ్గా కరగదు.

చల్లగా ఉన్నప్పుడు ప్రెజర్ బాగుంది, వేడెక్కాక పడిపోతోంది

బాగున్న ఇంజన్‌లో వేడెక్కాక రోడ్డు మీద 50 నుంచి 80 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి పౌండ్లు), ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా తిరిగేటప్పుడు) 10 నుంచి 25 ఉండాలి. అంతకంటే తక్కువ చూపిస్తే ముందు గేజ్‌నే అనుమానించండి. మంచి మెకానికల్ గేజ్ ఒకటి తాత్కాలికంగా తగిలించి చూడటానికి అరగంట పట్టదు. గేజ్ నిజమే చెబుతోందని తేలితే, బ్లాక్ పక్కన పెద్ద డోమ్ నట్ కింద ఉండే రిలీఫ్ వాల్వ్ (ఎక్కువైన ప్రెజర్‌ను వదిలేసేది) తీయండి. దాని ప్లంజరు మూతి మీద చిన్న ఇసుక రేణువంత ఇనుప రజను ఇరుక్కున్నా ఆయిల్ సంప్‌లోకి తిరిగి పారిపోతుంది. మూతి మీద గీత కనిపిస్తే ప్లంజరూ స్ప్రింగూ రెండూ మార్చండి.

ఆ రజను ఎక్కడి నుంచి వచ్చిందన్నదే అసలు ప్రశ్న. బోరింగ్ చేయించిన బ్లాకును కడిగి ఇచ్చారంటే ఆయిల్ దారులు శుభ్రమయ్యాయని అర్థం కాదు. ఆ దారుల చివర ఇత్తడి ప్లగ్గులు దిగ్గొట్టి ఉంటాయి. వాటిని డ్రిల్ చేసి తీస్తే వెనకాల యాభై ఏళ్ళ నాటి నల్లటి మడ్డి, అందులో కలిసిపోయిన మెరిసే రజను కనిపిస్తాయి. పొడవాటి బ్రష్ పెట్టి, కిరసనాయిల్‌తో తోమి, గాలి కొట్టి, తెల్లగుడ్డ లాగితే మరక పడనంత వరకూ చేయాలి. క్రాంక్ (పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు) లోపలి రంధ్రాలకూ అంతే. రీబిల్డ్ మొత్తంలో డబ్బు ఖర్చు కాని పని ఇదొక్కటే, దీన్నే ఎక్కువమంది దాటేస్తారు.

అదీ శుభ్రంగానే ఉంటే మిగిలింది బేరింగ్ గ్యాప్. మెయిన్ బేరింగులకు (క్రాంక్‌ను మోసేవి), బిగ్ ఎండ్‌లకు (పిస్టన్ రాడ్లు క్రాంక్‌ను పట్టుకునే చోటు) ఒకటి నుంచి రెండున్నర థౌల గ్యాప్ ఉండాలి. ప్లాస్టిగేజ్ దారం (నలిగిన వెడల్పును బట్టి గ్యాప్ చెప్పే ప్లాస్టిక్ పోగు) పెట్టి, క్యాపుల్ని పూర్తి టార్క్‌కి, అంటే బిగించే బలానికి (మెయిన్‌కి 70 పౌండ్ అడుగులు, బిగ్ ఎండ్‌కి 35 నుంచి 40) బిగించి, విప్పి వెడల్పు చూడండి. క్రాంక్ పది థౌలు గ్రైండ్ చేయించి, పొరపాటున స్టాండర్డ్ షెల్స్ (బేరింగు అర్ధవలయాలు) వేసిన ఇంజన్లూ ఉంటాయి. షెల్ వీపున అచ్చుగుద్దిన సైజు చదవండి. కొత్త క్యామ్ బేరింగులు వేయించి ఉంటే వాటి రంధ్రాలు బ్లాకు రంధ్రాలకు ఎదురుగా ఉన్నాయో లేదో టార్చి వేసి చూడండి. తేడా ఉంటే అక్కడ ఆయిల్ ఆగిపోతుంది.

రోజూ పొద్దున స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు గడగడ

ఆయిల్ ఫిల్టర్‌ను తలకిందులుగా బిగించే మోడళ్ళలో ఇది మామూలే. రాత్రంతా ఫిల్టర్‌లోని ఆయిల్ కిందికి దిగిపోతుంది. లోపల యాంటీ డ్రెయిన్ వాల్వ్ ఉన్న ఫిల్టర్ వేస్తే సరి.

కొన్ని వందల మైళ్ళకే ట్యాపెట్ల దగ్గర టిక్ టిక్, సెట్ చేసినా మళ్ళీ వస్తోంది

బీ-సిరీస్ రీబిల్డ్‌లో నాకు ఎక్కువ బాధ కలిగించే జబ్బు ఇది. దీనికి మూలం మొదటి ఇరవై నిమిషాల్లోనే ఉంటుంది. క్యామ్ లోబు (ఇరుసు మీది ఉబ్బు) మీద ఫాలోవర్ (ట్యాపెట్) జారుతూ, తన చుట్టూ తానూ తిరగాలి. ఆ తిరుగుడు కోసమే ఫాలోవర్ అడుగు కనీకనిపించనంత ఉబ్బుగా, లోబు అంచు కాస్త వాలుగా తయారవుతాయి. ఈ రెండు ముఖాలు ఒకదానికొకటి అలవాటు పడక ముందే ఇంజన్‌ను ఐడిల్‌లో వదిలేస్తే లోబు కొరుక్కుపోతుంది. క్యామ్‌కి ఆయిల్ ఎక్కువగా క్రాంక్ చిమ్మే జల్లుల నుంచే అందుతుంది. ఐడిల్‌లో ఆ జల్లు సరిపోదు.

నిర్ధారించుకోవడానికి రాకర్ కవర్ తీసి, ఒక్కో వాల్వ్ స్ప్రింగ్ పళ్ళెం మీద డయల్ గేజ్ ఆనించి ఇంజన్‌ను చేత్తో తిప్పండి. ఎనిమిది వాల్వుల లిఫ్ట్ రాసుకోండి. ఒకటి మిగతావాటి కంటే తక్కువ లేచిందంటే ఆ లోబు అరిగిపోయినట్టే. పక్కనున్న ట్యాపెట్ చెస్ట్ మూత తీసి ఆ ఫాలోవర్ బయటికి లాగి చూస్తే అడుగున గుంట పడి, అంచు చుట్టూ చిన్న చిన్న పెచ్చులు లేచిపోయి కనిపిస్తుంది.

అరిగిన క్యామ్‌కి కొత్త ఫాలోవర్లు వేయడం, కొత్త క్యామ్‌కి పాత ఫాలోవర్లు వేయడం రెండూ దండగే. సెట్టు మొత్తం మార్చాలి. అరిగిన ఇనుము ఇంజనంతా తిరిగి ఉంటుంది కాబట్టి సంప్ దించి, బేరింగులు చూసి, ఆయిల్ దారులు మళ్ళీ కడగాలి. లోబులకు అసెంబ్లీ పేస్టు పూసి, స్టార్ట్ అయిన వెంటనే 2000 నుంచి 2500 ఆర్‌పీఎం దగ్గర ఇరవై నిమిషాలు ఉంచండి. దానికి ముందే టైమింగు, కార్బురేటర్లు, నీళ్ళు అన్నీ సిద్ధంగా ఉండాలి. ఆయిల్ 20డబ్ల్యూ-50, జింక్ ఎక్కువున్నది వాడండి. కొత్త కార్ల కోసం చేసిన పల్చటి ఆయిళ్ళలో జింక్ తగ్గించేశారు, ఈ ఇంజన్‌కి అవి సరిపోవు. రేసు క్యామ్ కోసమని గట్టి వాల్వ్ స్ప్రింగులు వేసి ఉంటే, రన్నింగ్ ఇన్ (కొత్త పార్టులు ఒకదానికొకటి అలవాటు పడటం) అయ్యేదాకా మామూలు స్ప్రింగులే ఉంచండి.

ట్యాపెట్ గ్యాప్ చల్లని ఇంజన్‌లో 15 థౌలు. తొమ్మిది లెక్క గుర్తుంచుకుంటే చాలు: ఒకటో వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఎనిమిదోది, మూడోది తెరుచుకున్నప్పుడు ఆరోది, అలా మొత్తం తొమ్మిది వచ్చేలా సెట్ చేసుకుంటూ పోవాలి.

గ్యాప్ పెరగకుండా *తగ్గుతూ* పోతే అది వేరే సంగతి. ఎగ్జాస్ట్ వాల్వులు తమ సీట్లలోకి కూరుకుపోతున్నాయి. ఈ హెడ్డు సీసం కలిసిన పెట్రోల్ కాలం నాటిది. బ్రిటన్‌లో 2000 జనవరి నుంచీ ఆ పెట్రోల్ అమ్మడం ఆపేశారు. హెడ్డు ఎలాగూ షాపులోనే ఉంటే గట్టిపరిచిన ఎగ్జాస్ట్ సీట్లు వేయించేయండి, ఆ ఖర్చు గురించి రెండోసారి ఆలోచించకండి.

వేడెక్కుతోంది, రేడియేటర్‌లో బుడగలు

బుడగలు ఇంజన్ తిరిగినంతసేపూ వస్తుంటే సిలిండర్ గ్యాస్ నీళ్ళలోకి వస్తోంది: గ్యాస్కెట్టో, హెడ్డు పగులో. హెడ్డు నట్లు 45 నుంచి 50 పౌండ్ అడుగులకు వరసక్రమంలో బిగించారా, ఇంజన్ ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్ళీ చూశారా అన్నది మొదట తేల్చుకోండి. గ్యాస్కెట్ మీద పైభాగం, ముందుభాగం గుర్తులు ఉంటాయి; తిరగేసి వేస్తే నీటి దారులు మూసుకుపోతాయి. ఈ హెడ్డులో పగుళ్ళు ఎక్కువగా వాల్వ్ సీట్ల మధ్య వస్తాయి, అందులోనూ మధ్యలోని రెండు, మూడు సిలిండర్ల దగ్గర. అందుకే హెడ్డు మీద పాలిషింగ్ పనికి డబ్బు పెట్టే ముందే ప్రెజర్ టెస్ట్ చేయించాలి.

బుడగలు లేకుండా వేడెక్కుతుంటే బ్లాక్ వెనక డ్రెయిన్ ట్యాప్ విప్పండి. నీళ్ళు రాకపోతే తీగ పెట్టి పొడవండి. నాలుగో సిలిండర్ చుట్టూ తుప్పు మడ్డి గట్టిపడి ఉంటుంది. రీబిల్డ్ అప్పుడు కోర్ ప్లగ్గులు (బ్లాకు నీటి దారుల మీది మూతలు) తీసి అదంతా గోకి తీయాల్సిందే.

నీలం పొగ

యాక్సిలరేటర్ వదిలి కొండ దిగాక మళ్ళీ తొక్కినప్పుడు గుప్పున వస్తే వాల్వ్ గైడ్లు, సీళ్ళు. తొక్కి పట్టినంతసేపూ వస్తే రింగులు. సిలిండర్‌లో ఒక చెంచా ఆయిల్ పోసి కంప్రెషన్ మళ్ళీ చూడండి. రీడింగ్ బాగా పెరిగితే రింగులే. కొత్త ఇంజన్ కదా అని మరీ మెల్లగా నడిపితే బోరు అద్దంలా నునుపెక్కి రింగులు కూర్చోవు. మొదటి రోజుల్లో మధ్యస్థంగా లోడు ఇచ్చి, వదిలి, మళ్ళీ ఇచ్చి నడపాలి. నునుపెక్కిపోతే మళ్ళీ హోనింగ్ (బోరు గోడను కాస్త గరుకు చేయడం) చేసి రింగులు మార్చడమే దారి.

వెనక నుంచి ఆయిల్ కారుతోంది

ఇంజన్ బయటికి దించే ముందు పైన వెతకండి. ట్యాపెట్ చెస్ట్ మూతల నుంచి కారిన ఆయిల్ కూడా బ్లాకు వెంట జారి బెల్ హౌసింగ్ కిందే చుక్కలు పడుతుంది. ఆ మూతల బోల్టు అతిగా బిగిస్తే రేకు వంగిపోయి ఇంకా కారుతుంది. ఇంజన్ కడిగి ఆరబెట్టి టాల్కం పౌడర్ చల్లి ఒక రౌండు తిప్పుకు వస్తే దారి కనబడుతుంది. బ్రీదర్ (ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే దారి) మూసుకుపోయినా లోపలి ఒత్తిడికి అన్ని సీళ్ళ నుంచీ కారుతుంది. 1964 చివరి దాకా వచ్చిన మూడు మెయిన్ బేరింగుల ఇంజన్లలో వెనక సీల్ లేదు, ఆయిల్‌ను వెనక్కి తిప్పే మరలాంటి గాడి మాత్రమే ఉంది. వాటిలో ఒకటి రెండు చుక్కలు సహజం.

క్లచ్ తొక్కితే ఐడిల్ పడిపోతోంది

క్రాంక్ ముందుకు జరుగుతోంది. డయల్ గేజ్‌తో ఎండ్ ఫ్లోట్ (క్రాంక్ ముందుకూ వెనక్కూ జరిగే దూరం) చూడండి, 4 నుంచి 5 థౌలు ఉండాలి. ఎక్కువుంటే థ్రస్ట్ వాషర్లు అరిగాయి లేదా తిరగేసి వేశారు. గాడులున్న ముఖం క్రాంక్ వైపు ఉండాలి.

బోరు పెంచి, హెడ్డు చెక్కించాక ఎక్కుడులో టకటక

బోరు పెంచితే కంప్రెషన్ దానంతటదే పెరుగుతుందన్న సంగతి ఇక్కడ మరిచిపోతారు. స్టాండర్డ్ ఇంజన్‌లో ఒక్కో సిలిండర్ 450 సి.సి., కంప్రెషన్ నిష్పత్తి 8.8, అంటే పిస్టన్ పైన మిగిలే చోటు 57.6 సి.సి. 60 థౌలు బోరు పెంచితే ఇంజన్ 1868 సి.సి. అవుతుంది, ఆ చోటు మారకపోతే కంప్రెషన్ 9.1. చాలామంది ఇష్టపడే 83.57 మి.మీ. బోరుతో 1950 సి.సి. చేస్తే 9.5. దాని మీద హెడ్డు కూడా చెక్కిస్తే మామూలు 95 ఆక్టేన్ పెట్రోల్‌తో టకటక రాక తప్పదు. హెడ్డు చాంబర్‌లో ప్లగ్గు, వాల్వులు పెట్టి, పైన గాజు పలక మూసి, బ్యూరెట్‌తో నూనె పోసి కొలవండి. నాలుగు చాంబర్లూ సమానంగా ఉండాలి. ఎక్కువ వచ్చిందంటే చాంబర్‌ను గోకి పెంచడమో, మందమైన గ్యాస్కెట్ వేయడమో చేయాలి.

కంప్రెషన్ సరిగ్గానే ఉంటే డిస్ట్రిబ్యూటర్ చూడండి. పాత అడ్వాన్స్ స్ప్రింగులు సాగిపోయి ఉంటాయి. వాక్యూమ్ పైపు తీసేసి, 4000 ఆర్‌పీఎం దగ్గర టైమింగ్ లైట్ వేస్తే 32 నుంచి 34 డిగ్రీల మధ్య ఆగాలి. మధ్యలో రబ్బరున్న క్రాంక్ పుల్లీ అయితే బయటి వలయం జారిపోయి గుర్తు అబద్ధం చెబుతుంది. ఒకటో సిలిండర్‌లో పిస్టన్ స్టాప్ పెట్టి పిస్టన్ అసలు పై చివర (టాప్) ఎక్కడో తేల్చుకున్నాకే ఆ గుర్తును నమ్మండి.

పెద్ద క్యామ్ వేశాక ఐడిల్ నిలబడట్లేదు, ఊళ్ళో పికప్ లేదు

హెడ్డు నిర్మాణమే దీనికి మూలం. ఒకటి, రెండు సిలిండర్లకు కలిపి ఒకే ఇన్‌లెట్ దారి, మూడు, నాలుగింటికి ఇంకొకటి. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2 కాబట్టి రెండోది లాగిన వెంటనే ఒకటోది, మూడోది లాగిన వెంటనే నాలుగోది అదే దారిలోంచి లాగుతాయి. వాల్వులు ఎక్కువసేపు తెరిచి ఉంచే క్యామ్ వేస్తే ఈ పక్కపక్క సిలిండర్లు తక్కువ స్పీడులో ఒకదాని మిశ్రమాన్ని ఇంకొకటి లాక్కుంటాయి. రోడ్డు కారుకు ఓ మోస్తరు క్యామే మంచిదని నేను గట్టిగా చెబుతాను. వెబర్ కార్బురేటర్ బిగించినా ఈ పంపకం మారదు.

కార్బురేటర్లను నిందించే ముందు జంట ఎస్‌యూ కార్బురేటర్ల థ్రాటిల్ స్పిండిళ్ళ చివర కాస్త ఆయిల్ పూసి చూడండి. ఐడిల్ మారితే అక్కడ గాలి దూరుతోంది, బుష్షులు వేయించాలి. తర్వాత రెండిటి గాలి సమానం చేసి, కింద ఉండే పిన్నుతో పిస్టన్‌ను ఒక మి.మీ. కూడా మించకుండా పైకెత్తండి. ఇంజన్ స్పీడు పెరిగి అలాగే ఉంటే పెట్రోల్ ఎక్కువ, ఆగిపోబోతే తక్కువ. ఒక్క క్షణం పెరిగి మళ్ళీ మామూలైతే సరిగ్గా ఉంది.

అప్‌గ్రేడ్‌లో వరస ఇది: హెడ్డు పోర్టుల పని, దాని తర్వాత ఎగ్జాస్ట్, అటుపైన క్యామ్, అన్నిటికీ చివర కార్బురేటర్ సూదులు. సూది ఎంపికను రోలింగ్ రోడ్డు (కారును రోలర్ల మీద నడిపి కొలిచే యంత్రం) మీద మిశ్రమం చదివి చేయించాలి. ఒక్కో మార్పుకీ మధ్య కొన్ని వందల మైళ్ళు నడిపి, ప్లగ్గుల రంగు, ఆయిల్ ప్రెజర్, ట్యాపెట్ గ్యాపులు రాసుకుంటూ పోతే, తేడా వచ్చిన రోజున ఏ మార్పు తెచ్చిందో మీ నోటు పుస్తకంలోనే దొరుకుతుంది.