డిశ్చార్జి రోజు మందులు ఎలా చెప్పాలి

మా మెడికల్ వార్డులో కొత్తగా చేరిన నర్సులకు నేను ముందుగా నేర్పేది ఇదే. డిశ్చార్జి కాగితం మీద 1-0-1 అంటే మనకు తెలుసు, చదువురాని పెద్దాయనకు ఎలా తెలుస్తుంది? పొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి అని చెప్పి, మందుల కవరు మీద సూర్యుడినీ చంద్రుడినీ గీసివ్వండి.

"అర్థమైందా?" అని అడగొద్దు. ఎవరైనా అయిందనే అంటారు. "ఇంటికెళ్లాక ఎలా వేసుకుంటారో ఒకసారి చెప్పండి పెద్దాయనా" అనండి. తప్పు చెబితే విసుక్కోకండి, ఇంకోలా చెప్పి చూడండి.

ఇన్సులిన్ అయితే సిరంజి వాళ్ల చేతికిచ్చి లాగించండి. ఎర్ర మూత సిరంజి మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే వయల్‌కి (మందు సీసాకి), నారింజ మూతది 100 యూనిట్లుండే వయల్‌కి. 100 వయల్‌కి ఎర్ర మూత సిరంజి వాడితే మోతాదు రెండున్నర రెట్లవుతుంది. ప్రాణం మీదికొస్తుంది! పాత వయల్, సిరంజి షాపులో చూపించే కొనమనండి.

ఇంట్లో మందులిచ్చేది ఎవరో కనుక్కోండి. పక్కన తలూపే కొడుకు రేపు ఉద్యోగానికి వెళ్లిపోతాడు, ఇచ్చేది కోడలు. ఆమె రాలేకపోతే ఫోన్‌లో చెప్పండి.

మందుల సంగతే కాదు, ఐసీయూ బయట కూర్చున్న రోగి బంధువులకు, మార్పేమీ లేకపోయినా ఆ మాటే వెళ్లి చెప్పండి. ఏమీ చెప్పకపోతేనే టెన్షన్, గొడవలు. స్కాన్‌లో ఏముందో మాత్రం డాక్టరుగారితోనే చెప్పించండి.

కేస్ షీట్ నకలు అడిగితే చిరాకు పడొద్దు. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలో చూపించండి.