టూర్ డి ఫ్రాన్స్ పర్వత దశలను అర్థం చేసుకుంటూ చూడడం ఎలా?

టూర్ డి ఫ్రాన్స్ 21 దశల సైకిల్ రేసు అయినప్పటికీ, అన్ని దశల మొత్తం సమయం అందరికంటే తక్కువ ఉన్నవారు ధరించే పసుపు జెర్సీ చివరికి ఎవరిదన్నది చాలా ఏళ్లలో ఆల్ప్స్, పిరనీస్ పర్వతాల మీదుగా సాగే కొద్ది దశల్లోనే తేలిపోతుంది. ఆ దశలు జరిగే రోజుల్లో రేసు నాలుగైదు గంటలు నడుస్తుంది. చివరి పది కిలోమీటర్లకు మాత్రమే టీవీ పెట్టుకునేవారికి ఎవరు గెలిచారో తెలుస్తుంది. ఎలా గెలిచారో తెలియాలంటే ఇంకాస్త ముందు నుంచి, ఏం గమనించాలో తెలుసుకుని చూడాలి.

ముందుగా ఆనాటి దశ ఎత్తుపల్లాల పటాన్ని చూడండి. నిర్వాహకులు ఆరోహణలను, అంటే కొండ ఎక్కే దారులను, తేలికైన నాలుగో శ్రేణి నుంచి కఠినమైన ఒకటో శ్రేణి వరకు విభజిస్తారు. వాటన్నిటికంటే కష్టమైనవాటిని శ్రేణులకు అతీతమైనవిగా ప్రకటిస్తారు. అయితే పటంలో కనిపించే సగటు వాలును చూసి మోసపోకూడదు. 2022లో 12వ దశలో క్రోయి ద ఫెర్ కనుమకు 29 కిలోమీటర్లు, సగటు వాలు 5.2 శాతం అని రాశారు. ఆ దారి మధ్యలో కిందికి దిగే భాగాలు కూడా ఉన్నాయి కనుక, నిజంగా ఎక్కవలసిన చోట్ల వాలు ఆ అంకె కంటే చాలా ఎక్కువ. అందుకే ఒక్కో కిలోమీటరు వాలును విడివిడిగా చూపే పటం దొరికితే దాన్నే నమ్మండి. రెండు కనుమల మధ్య చదునైన లోయ ఎంత దూరం ఉందో, దశ శిఖరం మీద ముగుస్తుందో దిగుడు తర్వాత ముగుస్తుందో కూడా గుర్తుపెట్టుకోండి. 2,642 మీటర్ల గాలిబియే వంటి కనుమల మీద గాలి పలచబడి, అందరి శక్తీ కొంత తగ్గుతుంది. ఆ ఎత్తును తట్టుకోవడంలో మాత్రం అందరూ సమానులు కారు.

పర్వతాల్లో రేసు స్వభావం ఎందుకు మారుతుందో తెలిస్తే మిగతాదంతా సులభంగా బోధపడుతుంది. చదునైన రోడ్డు మీద సైక్లిస్టు శక్తిలో అధిక భాగం గాలిని చీల్చుకుపోవడానికే ఖర్చవుతుంది కాబట్టి, ముందువారి వెనక దాగినవారికి ఎంతో ఆదా అవుతుంది. ఎనిమిది, తొమ్మిది శాతం వాలు మీద వేగం సగానికి పైగా పడిపోయి, పోరాటం గాలితో కాక శరీర బరువుతో మొదలవుతుంది. వెనక దాగినందువల్ల కలిగే లాభం బాగా తగ్గిపోతుంది. బలహీనులు విడిపోయేది అక్కడే.

అందువల్ల, నా దృష్టిలో, చూస్తున్నంతసేపూ చేయవలసిన అతి ముఖ్యమైన పని జట్టు నాయకుల పక్కన, అంటే మిగతా జట్టు ఎవరి గెలుపు కోసం పనిచేస్తుందో వారి పక్కన, మిగిలిన సహచరులను లెక్కపెట్టడం. జట్టుకు ఎనిమిది మందే ఉంటారు. చివరి ఆరోహణ మొదలయ్యేసరికి ఒక నాయకుడి దగ్గర ముగ్గురు సహచరులుండి, ప్రత్యర్థి ఒంటరిగా ఉంటే, దాడి రాబోతున్నదని అనుకోవచ్చు. 2022లో 11వ దశ దీనికి చక్కని ఉదాహరణ. గాలిబియే దారిలో యుంబో-విస్మా జట్టుకు చెందిన ప్రిమోజ్ రోగ్లిచ్, యోనాస్ వింగెగార్డ్ వంతులవారీగా దాడి చేస్తుంటే, పసుపు జెర్సీలో ఉన్న తాదేయ్ పొగాచార్ ప్రతిసారీ తానే వెంటాడవలసి వచ్చింది. ఆ అలసట గ్రానోన్ కనుమ మీద బయటపడింది: వింగెగార్డ్ అతనికంటే 2 నిమిషాల 51 సెకన్లు ముందు గమ్యం చేరి జెర్సీని తీసుకున్నాడు. గ్రానోన్ మీది చివరి దాడి మాత్రమే చూసినవారికి పొగాచార్ ఉన్నట్టుండి కుప్పకూలినట్టు కనిపించి ఉంటుంది.

ముందు దూసుకుపోయిన చిన్న బృందాన్ని కూడా ఇదే దృష్టితో చూడాలి. అందులోని వారందరూ మొత్తం సమయంలో అరగంట వెనకబడి ఉంటే, ఆరు నిమిషాల ఆధిక్యం దొరికినా పసుపు జెర్సీ జట్టు తొందరపడదు. కానీ అందులో ప్రధాన ప్రత్యర్థి సహచరుడు ఉంటే మాత్రం జాగ్రత్తగా గమనించండి. అదే ఏడాది ఒటాకామ్ దశలో ముందు బృందంతో వెళ్లిన వౌట్ వాన్ ఆర్ట్, చివరి ఆరోహణలో వింగెగార్డ్‌ను కలుసుకుని, పొగాచార్ వెనకబడేంత వేగంగా అతని ముందుండి నడిపించాడు.

గమ్యం దగ్గర మొదటి ముగ్గురికి వారి మొత్తం సమయంలోంచి వరుసగా 10, 6, 4 సెకన్లు తగ్గిస్తారు. పోటీ హోరాహోరీగా ఉన్నప్పుడు వీటిని లెక్కలో ఉంచుకోండి. 1989 టూర్‌లో గ్రెగ్ లెమాండ్, లోరాన్ ఫిన్యోన్‌ల మధ్య మొత్తం తేడా 8 సెకన్లే. ఎర్రచుక్కల జెర్సీ ఆరోహణల మీద సంపాదించిన పాయింట్లకు సంబంధించినది, సమయంతో దానికి పని లేదు.

విజేత గీత దాటగానే టీవీ కట్టేయకండి. విజేత సమయానికి నిర్ణీత శాతం కలిపి వచ్చే గడువులోగా చేరనివారు రేసు నుంచి తొలగిపోతారు కాబట్టి, కొండలు వేగంగా ఎక్కలేని బలిష్ఠులైన స్ప్రింటర్లు, అంటే చదునైన దశల చివర్లో మెరుపు వేగంతో దూసుకుపోయేవారు, వెనక గుంపుగా ఏర్పడి, ఒకరికొకరు తోడుగా, గడువును లెక్కించుకుంటూ వస్తుంటారు. కెమెరాలు వారిని ఎక్కువగా చూపవు. సాయంత్రం పూర్తి ఫలితాల పట్టికలో చివరి పేర్లను, వారి సమయాలను గడువుతో పోల్చి చూస్తే, రాబోయే చదునైన దశల్లో గెలవగలిగినవారు ఎవరెవరు రేసులో మిగిలారో తెలుస్తుంది.