కద్రి గోపాల్‌నాథ్ సాక్స్ ఎలా వినాలి, మన ఊదుడులోకి ఏం తెచ్చుకోవాలి

మా రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు పెళ్ళి బ్యాండుల్లో సాక్స్ (సాక్సోఫోన్) ఊదే కుర్రాళ్ళకి, దాని మీద కర్ణాటక సంగీతం వాయించిన కద్రి గోపాల్‌నాథ్ గారంటే పిచ్చి, నాకూ అంతే. ఊరేగింపు మొదలయ్యేదాకా చెవుల్లో ఆయన కచేరీ పెట్టుకుని కూర్చునేవాళ్ళున్నారు. విన్నాక మాత్రం అందరూ అడిగేది ఒకటే, "అన్నయ్యా, ఆయన సాక్స్ ఏ కంపెనీది?" అని. అది వదిలేయండి. మీరట్ నుంచి వచ్చిన సాక్స్ అయినా సరే ప్యాడ్లు గాలి వదలకుండా ఉంటే చాలు, ఆయన దగ్గర పట్టుకోవాల్సింది ముందు పెదవుల్లో, గొంతులో, గాలిలో ఉంది, వేళ్ళ స్పీడు సంగతి ఆ తర్వాతే.

ఆయన ఎక్కణ్ణుంచి వచ్చారో తెలిస్తే ఏం వినాలో అర్థమవుతుంది. మంగళూరు దగ్గర బంట్వాళ తాలూకా, నాన్నగారు నాదస్వర విద్వాంసులు, ఆ నాదం వింటూ పెరిగి మైసూరు ప్యాలెస్ బ్యాండులో సాక్సోఫోన్ విని ఇక దాన్నే పట్టుకున్నారు. మంగళూరులో గోపాలకృష్ణ అయ్యర్ గారి దగ్గర, ఆ తర్వాత మద్రాసులో టి.వి. గోపాలకృష్ణన్ గారి దగ్గర నేర్చుకున్నారు. 1994లో లండన్‌లో బీబీసీ ప్రామ్స్‌లో వాయించారు, 2004లో పద్మశ్రీ వచ్చింది, 2019 అక్టోబర్‌లో పోయారు.

ఇప్పుడు అసలు చిక్కు చూడండి. నాదస్వరానికి రంధ్రాలు తెరిచే ఉంటాయి, వేలు కొంచెం జరిపితే స్వరం జారుతుంది. సాక్స్‌కి అలాక్కాదు, రంధ్రం మీద ప్యాడ్, ప్యాడ్‌కి కీ, అది మూసుకోవడం తెరుచుకోవడం తప్ప మధ్యలో నిలవడం దానికి తెలీదు. 1846లో దీన్ని కనిపెట్టిన అడాల్ఫ్ సాక్స్ పేటెంట్ తీసుకున్నప్పుడు గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ జారుస్తూ పలికించడం అనేది ఆయన ఊహలో కూడా ఉండి ఉండదు కదా. అలాంటి వాద్యంలో గోపాల్‌నాథ్ గారు రాగం పాడించారు. తనకి తగ్గట్టు వాద్యంలో మార్పులు చేయించుకున్న మాట నిజమే కానీ ఆ మార్పులన్నీ మన సాక్స్‌కి చేయించుకున్నా పెదవి పని చెయ్యకపోతే వచ్చేది బ్యాండు మోతే.

సరే, వినడం ఎలాగంటే. మొదటిసారి పాట వినొద్దు, ఆలాపన మొదట్లో ఆయన పట్టే పొడుగు స్వరాలు మాత్రం వినండి, స్పీకర్లో కాదు ఇయర్‌ఫోన్లో. స్వరం ఎక్కడ మొదలైందో దొరకదు, మనవాళ్ళకి మొదట్లో వచ్చే ఆ "ట" అనే దెబ్బ ఉండదు, గాలి ముందే సిద్ధంగా ఉంటుంది నాలుక ఊరికే పక్కకి తప్పుకుంటుంది. కింది స్థాయిలో ఉన్న లావు పై స్థాయికి వెళ్ళినా సన్నబడదు. రెండోసారి వయొలిన్ కన్యాకుమారి గారితో కలిసి వాయించినవి పెట్టుకోండి, ఆవిడ మన విజయనగరం మనిషి, ఇక్కడ రైలెక్కితే దిగే ఊరు, మనం కొంచెం గర్వపడొచ్చు. వయొలిన్ మీద వేలు జారితే వచ్చే గమకాన్ని గోపాల్‌నాథ్ గారు సాక్స్ మీద ఎలా చెప్తారో పక్కపక్కనే దొరుకుతుంది, ఇంతకన్నా మంచి పాఠం ఎవరూ చెప్పలేరు. స్పీడు చూడాలనిపిస్తే అప్పుడు కదనకుతూహలంలో "రఘువంశ సుధా" వినండి, పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ గారి కీర్తన, ఆ రాగంలో స్వరాల దాట్లు సాక్స్‌కి భలే కుదురుతాయి. కానీ మొదలుపెట్టేవాళ్ళు దాన్నే ముందు పట్టుకుంటారు, అక్కడే చెడుతుంది.

ఇక చేతిలోకి తీసుకుందాం. మనందరి దగ్గరా ఉండేది ఆల్టో సాక్స్, దాని మీద ఇంగ్లీషు స్వరాల పేర్లలో సి అనే దానికి వేళ్ళు పెడితే బయటికి వినపడేది ఈ ఫ్లాట్, అంటే మన లెక్కలో రెండున్నర శ్రుతి. జి ని షడ్జమం చేసుకుంటే ఆరున్నర. నేనైతే జి తోనే మొదలుపెట్టమంటాను, ఎందుకంటే ఎడమచేతి మూడు వేళ్ళు పడితే స వచ్చేస్తుంది, చెయ్యి నిబ్బరంగా ఉంటుంది. మొదటి పాఠాలు నేర్చుకునే రాగం మాయామాళవగౌళకి రిషభం ఎడమ చిటికెన వేలి కీతో, ధైవతం కుడి చిటికెన వేలి కీతో వస్తాయి. ఒక్క చోట మాత్రం తంటా, మధ్యమం ఒక్క వేలితో పలుకుతుంది, పంచమానికి ఆరు వేళ్ళూ ఒకేసారి పడాలి, పైగా వెనకాల బొటనవేలు ఆక్టేవ్ కీ నొక్కాలి. మ ప, మ ప అని పాతిక సార్లు మెల్లగా ఊదితే మధ్యలో ఇంకో స్వరం తొంగి చూస్తూ ఉంటుంది, అది పోయేదాకా సరళీస్వరాల్లో (మొదటి పాఠాల్లో) రెండో కాలం, అంటే రెట్టింపు వేగం, ముట్టుకోకండి. గోపాల్‌నాథ్ గారు ఇలాంటి చోట్లు ఎలా దాటతారో విని చూడండి, అతుకు దొరకదు.

టోన్ కోసం మౌత్‌పీస్ ఒక్కటే విడిగా తీసి ఊదడం అన్నిటికన్నా మంచి పని, ఇంట్లోవాళ్ళు తిడతారు, పర్లేదు. ఫోన్‌లో ట్యూనర్ పెట్టుకుంటే ఎ దగ్గర, 880 హెర్ట్జ్ దగ్గర, ముల్లు నిలబడాలి. అంతకన్నా పైకి పోతోందంటే రీడ్‌ని (మౌత్‌పీస్‌కి బిగించే పలుచటి పుల్లని) చెరుకుముక్కలా కొరుకుతున్నారన్నమాట, మా వైపు పదిమందిలో ఎక్కువమంది చేసేది ఇదే, అందుకే శబ్దం పీలగా చెవిలో గుచ్చుకునేలా వస్తుంది. కింది పెదవి పళ్ళ మీదకి కొంచెం మడిచి, పై పళ్ళు మౌత్‌పీస్ మీద ఊరికే ఆనించి, నోటి మూలలు గాలి పోకుండా బిగించి, దవడ వదులుగా ఉంచాలి. ఎ నిలిచాక దవడ, గొంతు వదులు చేస్తూ అదే ఊపిరిలో స్వరాన్ని కిందికి దించుకుంటూ రండి, ఒక మెట్టు, రెండు మెట్లు, ఓపికుంటే ఐదు.

ఆ దించడం వచ్చినవాళ్ళకే గమకం వస్తుంది. ఎందుకంటే సాక్స్ మీద స్వరాన్ని పెదవితో పైకి లాగడం దాదాపు కుదరదు, కిందికే వంచగలం. కాబట్టి కింది స్వరం నుంచి పైకి ఊపాలని చూడకండి, వేళ్ళు పై స్వరం మీద పెట్టి పెదవితో కిందికి వదలండి, మళ్ళీ ఎత్తండి. పై స్థాయిలో ఇది సులువు, అడుగు స్థాయిలో మొండికేస్తుంది, అందుకని తారస్థాయిలోనే మొదలుపెట్టండి. దీనికి వేలు సాయం ఎలాగంటే, శంకరాభరణంలో రిషభం రెండు వేళ్ళు, గాంధారం ఒక్క వేలు, రి నుంచి గ కి పోయేటప్పుడు నడివేలు టక్కున ఎత్తేయకుండా ప్యాడ్ రంధ్రాన్ని అంటీ అంటనట్టు లేచేలా మెల్లగా వదిలితే స్వరం అక్కడ జారుతుంది. చెవి పెట్టి వినండి, ఆ సందులో ఒక బొంగురు వస్తుంది, ఆ బొంగురుని కడుపులోంచి గాలి కొంచెం పెంచి కప్పాలి. ఇదంతా నెలల పని, వారంలో రాదు. రోజూ కాసేపు మంచి నాదస్వరం కూడా వినండి, షేక్ చినమౌలానా గారిది వింటే గమకం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో చెవికి తెలిసిపోతుంది, చెవికి తెలిస్తే పెదవి వెతుక్కుంటుంది.

రీడ్ గట్టిదనంలో రెండు నంబరు గానీ రెండున్నర గానీ చాలు. మూడు పెట్టుకుంటే పెద్ద విద్వాంసుడైపోతామని కొందరికి భ్రమ. ఒక్కదాన్నే అరిగేదాకా ఊదకుండా రెండు మూడు మార్చి మార్చి వాడండి, ఊదాక తుడిచి బల్లపరుపుగా ఉండే డబ్బాలో పెట్టండి, మౌత్‌పీస్‌కే వదిలేస్తే వానాకాలంలో బూజు పడుతుంది, చలికాలంలో ఎండి వంకర పోతుంది.

పెళ్ళిళ్ళ సీజన్ వస్తే మాత్రం ఈ సాధనకి పెద్ద దెబ్బ. డప్పులు, డీజే మధ్య వినపడాలని గట్టిగా ఊదుతాం, కొరకడం మళ్ళీ వచ్చేస్తుంది, రాత్రి ఇంటికొచ్చేసరికి కింది పెదవి లోపల పళ్ళ గాట్లు. ఆ రోజుల్లో కొత్త పాఠం పెట్టుకోకండి. మర్నాడు పొద్దున్న తాన్‌పురా యాప్ ఆరున్నరలో పెట్టి మంద్రంలో స్వరాలు ఒక్కొక్కటి ఊపిరి ఉన్నంతసేపు, పక్కగదికి కూడా వినపడనంత చిన్నగా పట్టండి. చిన్నగా ఊదేటప్పుడు స్వరం వణికితే ఇంకా కొరుకుతున్నట్టే, సాక్స్ పక్కనపెట్టి మళ్ళీ మౌత్‌పీస్ ఒక్కటే తియ్యండి.