మెనింజియోమా రిపోర్టులో ‘పి.ఆర్. పాజిటివ్’ అని ఉంటే ఎలా చదవాలి

మెదడును కప్పే పొరల్లో పుట్టే గడ్డ మెనింజియోమా. ఆపరేషన్ తర్వాత వచ్చే బయాప్సీ రిపోర్టులో ‘పి.ఆర్. పాజిటివ్’ అని చూడగానే ఇంటిల్లిపాదికీ గుండె జారుతుంది. భయపడకండి, ఇది చెడ్డ కబురు కాదు. పి.ఆర్. అంటే ప్రొజెస్టెరాన్ రిసెప్టర్, ఆ హార్మోను వచ్చి పట్టుకునే కొక్కెం లాంటిది. సగానికి పైగా మెనింజియోమాల్లో ఇది ఉంటుంది. నెమ్మదిగా పెరిగే గ్రేడ్ 1 గడ్డల్లో ఎక్కువ, గ్రేడ్ 3లో బాగా తక్కువ.

అయినా చదవడం అక్కడ మొదలుపెట్టొద్దు. ముందు గ్రేడ్ చూడండి. మైక్రోస్కోపు కింద పది ఫీల్డుల్లో (ఫీల్డు అంటే ఒకసారికి కనబడేంత మేర) విభజన చెందుతున్న కణాలు 4 నుంచి 19 ఉంటే గ్రేడ్ 2, 20 లేదా అంతకు మించితే గ్రేడ్ 3. లెక్క తక్కువున్నా గడ్డ మెదడులోకి చొచ్చుకుపోతే గ్రేడ్ 2 అంటారు. తర్వాత ఆపరేషన్ నోట్సులో సింప్సన్ గ్రేడ్ వెతకండి. పేరు ఒకటే కావడంతో చాలామంది ఈ రెంటినీ కలిపేస్తారు. సింప్సన్ గ్రేడ్ గడ్డ స్వభావం కాదు, ఎంత తీశారన్న లెక్క: 1 అయితే గడ్డతో పాటు అది అంటుకున్న పొర, పాడైన ఎముక కూడా తీశారు, 2 అయితే ఆ పొరను కాల్చి వదిలారు, 4 అయితే గడ్డ కొంత మిగిలింది. మళ్లీ వస్తుందా అన్న ప్రశ్నకు జవాబు చాలావరకు ఈ రెండింట్లోనే ఉంటుంది. పి.ఆర్. వాటి వెనక నిలబడే సాక్షి మాత్రమే.

పి.ఆర్. నెగెటివ్ వస్తే వెంటనే కుంగిపోకండి, ముందు పరీక్ష సరిగా జరిగిందా అని అడగండి. ముక్కను ఫార్మలిన్‌లో ఆలస్యంగా వేసినా, ఎముకతో కలిసిన ముక్కను యాసిడ్‌తో మెత్తబరిచినా రంగు పట్టదు. అదే స్లైడు మీద కంట్రోల్ ముక్కకు (పి.ఆర్. ఉందని ముందే తెలిసిన నమూనాకు) రంగు పట్టిందా అన్నది పాథాలజిస్టు చెప్పగలరు. ఇంకో జాగ్రత్త: ఈస్ట్రోజెన్ రిసెప్టర్ (ఈ.ఆర్.) బలంగా పాజిటివ్ వస్తే అది రొమ్ము క్యాన్సర్ నుంచి పొరకు పాకిన గడ్డ కాదని తేల్చుకోవాలి. మెనింజియోమాలో ఈ.ఆర్. అరుదు.

పి.ఆర్. ఉంది కాబట్టి రొమ్ము క్యాన్సర్‌లోలా హార్మోన్ మాత్ర వాడొచ్చా? ఆశ సహజమే, కానీ ప్రొజెస్టెరాన్‌ను అడ్డుకునే మిఫెప్రిస్టోన్‌ను 164 మంది మీద పరీక్షిస్తే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారి కంటే మేలేమీ కనబడలేదు.

అసలు పని వేరే చోట ఉంది. వాడుతున్న, గతంలో వాడిన హార్మోన్ మందులన్నీ రాసి డాక్టరుకు ఇవ్వండి. మూడు నెలలకోసారి వేసే 150 మి.గ్రా. మెడ్రాక్సీప్రొజెస్టెరాన్ గర్భనిరోధక ఇంజెక్షన్‌ను ఏడాది, అంతకు మించి వాడినవారిలో మెనింజియోమా ఆపరేషన్ ముప్పు సుమారు 5.6 రెట్లుందని 2024లో ఫ్రాన్స్ అధ్యయనం చూపింది. మన ప్రభుత్వాసుపత్రుల్లో ‘అంతర’ పేరుతో ఉచితంగా వేసేది ఈ మందే. చాలామంది దాన్ని మందుగా లెక్కేయరు, చెప్పడం మరిచిపోతారు. సైప్రొటెరోన్ అనే హార్మోన్ మందుది కూడా ఇదే కథ: పీసీఓడీకి, మొటిమలకు ఇచ్చే కొన్ని మాత్రల్లో 2 మి.గ్రా. ఉంటుంది. అంత తక్కువ మోతాదైనా మెనింజియోమా ఉన్నవారికి వద్దు. ఎక్కువ మోతాదు వాడినవారిలో మందు మానేశాక గడ్డ పెరుగుదల ఆగడం, కుంచించుకుపోవడం కూడా జరుగుతుంది. అందుకే చూపుకు ముప్పు లేకపోతే కత్తి పట్టే ముందు మందు ఆపి ఎమ్మారైతో గమనిస్తారు. గర్భనిరోధకం కావాలంటే హార్మోను లేని కాపర్-టీ గురించి గైనకాలజిస్టును అడగండి.

పి.ఆర్. ఫలితం ఎలా ఉన్నా ఎమ్మారై తేదీలు మారవు. పూర్తిగా తీసిన గ్రేడ్ 1కు సాధారణంగా ఐదేళ్లపాటు ఏడాదికోసారి, గ్రేడ్ 2కు ఆరు నెలలకోసారి, గ్రేడ్ 3కు మూడు నుంచి ఆరు నెలలకోసారి. ఆసుపత్రి మారుతుంటే రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకుండా గడ్డ ముక్కలను భద్రపరిచిన మైనపు బ్లాకులు కూడా అడిగి తీసుకోండి, జన్యు పరీక్ష చేయాల్సి వస్తే అవే కావాలి.