లోహం స్పెసిఫిక్ హీట్ లెక్క చేసే ముందు జర ఇవి చూస్కోండి

స్పెసిఫిక్ హీట్ అంటే ఒక గ్రామును ఒక డిగ్రీ వేడెక్కియ్యనీకి పట్టే వేడి. దాని కోసం లోహం ముక్కను మరిగే నీళ్లల్ల కాగబెట్టి, కెలోరిమీటర్ల (వేడి కొలిచే గిన్నె) ఉన్న చల్లనీళ్లల్ల వేస్తం. మరిగే నీళ్లు అనంగనే అందరు 100 డిగ్రీలు రాసేస్తరు, కానీ మన పాలమూరు (మహబూబ్‌నగర్) సముద్రమట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తుల ఉంది, ఇక్కడ నీళ్లు 98న్నర దగ్గర్నే మరుగుతయ్, అందుకే థర్మామీటర్ చూసి రాయుండ్రి.

- ఫ్యాన్ బంద్ చేయాలె.
- ముక్కకు అంటిన వేడినీళ్లు దులిపి టక్కున కెలోరిమీటర్ల వేయాలె. గ్రాము నీళ్లు అంటుకొని పోయినా 11 గ్రాముల రాగి తెచ్చినంత వేడి తెస్తయ్, లెక్క మొత్తం ఖరాబ్. నేనైతే దీన్ని పట్టించుకోక రెండుసార్లు మళ్ల చేసిన.
- కలుపుకుంటనే ఉండాలె, ఎక్కువలో ఎక్కువ వచ్చిన టెంపరేచరే ఫైనల్.
- కెలోరిమీటర్ గిన్నె తీసుకున్న వేడి గూడ కలపాలె, మస్తు మంది మర్చిపోతరు.
- మోలార్ విలువ, అంటే ఒక మోల్ లోహానికి పట్టే వేడి కావాల్నంటే, గ్రాముకు వచ్చిన విలువను మోలార్ మాస్‌తోని (ఒక మోల్ బరువు, గ్రాములల్ల) గుణించాలె, భాగించుడు కాదు. రాగికి 0.385 ఇంటు 63.5, అంటే 24.4 జౌల్స్. సీసానికి 0.129 ఇంటు 207, 26.7 వస్తది. ఫ్రెంచ్ సైంటిస్టులు డ్యూలాంగ్, పెటిట్ 1819లనే చెప్పిండ్రు, చాలా లోహాలకు ఇది 25 దగ్గర్నే ఉంటదని. మీకు 25 వేలో, 0.025నో వచ్చిందా, కాపీ సబ్మిట్ చేయకుండ్రి, ముందుగాల యూనిట్లు చూడుండ్రి, కిలోలు గ్రాములు కలిసిపోయి ఉంటయ్.